కోరస్ టూ

నజ్మీన్ మెడలో వేలాడుతున్న అట్టముక్క మీద 'కోరస్ 2' అని రాసి ఉంది. కోరస్ వన్ ఎవరని అడిగితే అలాంటి మనిషే లేదన్నారు. ఇంత పెద్ద ప్రోగ్రాంలో ఒక్కతే కోరస్ అంటే చీప్‌గా ఉంటుందట, అందుకని రెండో నంబరు ఇచ్చారట. చూడండి వీళ్ల తెలివి! లేని మనిషికి మొదటి నంబరు, ఉన్న మనిషికి రెండోది.

గుంటూరులోని ఆ ఏసీ హాల్లో, స్టేజీ వెనక నల్లతెర చాటున, ఒక కాలు కురచైన ప్లాస్టిక్ కుర్చీ వేసి ఆమె చేతికి మైకు ఇచ్చి కూర్చోబెట్టారు. తెరకు అటువైపు సోఫాలు, పూలకుండీలు, రంగురంగుల లైట్లు, మార్చి ఎనిమిది మహిళా దినోత్సవం బ్యానరు. దాని మీద 'పాప్ సంగీతాన్ని మార్చిన పదిమంది మహిళలు' అని బంగారు అక్షరాలు మెరుస్తున్నాయి. సభ ఆడవాళ్ల గురించే. గంట నుంచి మైకు వదలకుండా పట్టుకున్నవాడు మాత్రం చైతన్యకృష్ణ.

ఈ చైతన్యకృష్ణ ఎవరయ్యా అంటే, బ్రాడీపేటలో మేడమీద గదికి గోడల నిండా కోడిగుడ్ల అట్టలు అతికించి, దానికి స్టూడియో అని పేరు పెట్టుకున్న మనిషి. యూట్యూబ్‌లో ప్రైవేటు పాటలు వదులుతుంటాడు. నలభై దాటినా జుట్టు వెనక్కి దువ్వి చిన్న పిలక కడతాడు. మాట్లాడేటప్పుడు ఆ పిలకని తడుముకుంటూ ఉంటాడు. ఆ తడుముకోవడం చూస్తేనే నజ్మీన్‌కి ఒళ్లు జలదరిస్తుంది. ఇప్పుడు తెర సందులోంచి ఆ పిలకే కనపడుతోంది.

"మడోన్నా లేకపోతే స్టేజీ మీద ఆడదానికి ఈ ధైర్యం ఎక్కడిదండీ? అరీతా ఫ్రాంక్లిన్ లేకపోతే పాటలో ఆ ఫీల్ ఎక్కడిది? బియాన్సే లేకపోతే ఆ పవర్ ఎక్కడిది? ఇక టేలర్ స్విఫ్ట్! తన పాటలు పరాయివాళ్ల చేతుల్లోకి పోతే, మళ్లీ మొదట్నించీ పాడుకుని సొంతం చేసుకుంది. కళాకారిణి అంటే అదీ! ఎవరి గొంతు వాళ్ల ఆస్తండీ!" అని అరిచాడు చైతన్యకృష్ణ. జనం చప్పట్లు కొట్టారు.

ఎవరి గొంతు వాళ్ల ఆస్తి! ఆ మాట ఆ నోట్లోంచే రావాలా! థూ, వీడి మొహం మండ!

ఆ పదిమంది మీద ఆమెకి కోపం లేదు. ఉండాల్సిన అవసరం కూడా లేదు. మిరపకాయల తొడిమలు తీసే పని లేని రోజుల్లో పెళ్లిళ్లకి పాటలు పాడే పిల్ల ఆమె. వాళ్లందరినీ ఫోన్లో విన్నది, నేర్చుకున్నది. ఒకరోజు అరీతా ఫ్రాంక్లిన్ చర్చిలో పాడుతున్న వీడియో పెట్టి, ఇయర్‌ఫోన్ ఒకటి తన చెవిలో, ఒకటి అమ్మ చెవిలో పెట్టింది. ఆమె ఒక ముక్క పాడితే చుట్టూ ఉన్నవాళ్లు జవాబు పాడుతున్నారు. అమీర్‌బీ కళ్లు మూసుకుని విన్నది.

"దమ్మున్న మనిషే. ఏ ఊరంట?"

"అమెరికా అమ్మా."

"అక్కడ గూడా తొడిమలు తీస్తారంటే?" అని అడిగింది అమీర్‌బీ, నిజంగానే తెలుసుకుందామని.

ఎందుకలా అడిగిందో తెలియాలంటే ఏటుకూరు రోడ్డులో కోల్డ్ స్టోరేజీల పక్కనున్న రేకుల షెడ్డులోకి పోవాలి. కల్లాల్లో మిరపకాయలు ఎండి ఊళ్లోకి దిగినప్పటి నుంచి ఎండలు ముదిరేదాకా అక్కడ అదే పని. గోనెపట్టాల మీద ఆడవాళ్లు వరసగా కూర్చుంటారు. ముందు ఎర్రగా గుట్ట. కాయ తియ్యి, గోటితో తొడిమ గిల్లు, అటు పడెయ్యి. మళ్లీ కాయ తియ్యి. ముక్కుకీ నోటికీ గుడ్డ కట్టుకుంటారు. తేజ రకం కాయ ముందు ఆ గుడ్డ ఏపాటి? ఘాటు దాన్ని దాటుకుని లోపలికి పోతుంది. సాయంత్రానికి చేతులు భగభగమంటాయి. మజ్జిగలో ముంచినా, నూనె రాసినా రాత్రికి గానీ తగ్గవు.

ఆ పనికి పాట లేకపోతే పొద్దు గడవదు. అమీర్‌బీ ముఠాలో పన్నెండు మంది. పాట అమీర్‌బీ అత్త నసీమున్నీసా కట్టింది.

తొడిమేమో నా గోటికీ
కాయేమో ఊరోళ్లకీ
ఘాటంతా నా...

అక్కడ ఆగుతుంది. ఎవరూ కావాలని ఆపరు. రెండు లైన్లు పాడేసరికి మూడోదాని మధ్యలో ఘాటు గొంతులోకి దిగి ఊపిరి 'హుక్' మని పట్టేస్తుంది. బలవంతాన లాగితే దగ్గు తెర మొదలై కళ్లెంట నీళ్లు కారతాయి. అందుకని పాడే మనిషి అక్కడ వదిలేస్తుంది. పక్కనున్నది 'గొంతుకీ' అని ఆ ముక్క పూర్తి చేసి, వదిలేసిన మనిషి పేరు పెట్టి 'అందుకోవే అమీర్‌బీ' అని పిలుస్తుంది. అమీర్‌బీ ఊపిరి తీసుకుని మళ్లీ అందుకోవాలి. పిలిచాక అందుకుని తీరాలి. మూడుసార్లు పిలిచినా అందుకోలేదంటే ఆ మనిషికి ఏదో అయిందని లెక్క. చేతిలో పని అక్కడ పడేసి అందరూ లేచిపోతారు. ఒక ఎండాకాలం నసీమున్నీసాని అలాగే మూడుసార్లు పిలిచారు. లేచి చూస్తే గుట్ట మీద పక్కకి ఒరిగి ఉంది. బయటికి మోసుకుపోయి మొహాన నీళ్లు కొడితే బతికింది. ఆ తర్వాత ఆ షెడ్డులో ఎవరూ ఆ పిలుపుని తేలిగ్గా తీసుకోలేదు.

ఆ పాటలో పెళుసుగా, ముద్దుగా వినపడే ఆ 'హుక్' అనేది అందమూ కాదు, అలంకారమూ కాదు. అది మిరప ఘాటు. ముప్పై ఏళ్లు ఆ ఘాటు మింగి మింగి అమీర్‌బీ గొంతు పోయింది. డాక్టరు ఇక గట్టిగా మాట్లాడొద్దన్నాడు. ఇప్పుడు ఆమె మాట్లాడితే గరగరమని గుసగుసే వస్తుంది. పాట కూతురికి వచ్చింది, ఆ 'హుక్' తో సహా. చిన్నప్పుడు ఆ షెడ్డులోనే పడుకుని విని నేర్చుకున్న పాట కాబట్టి, ఎక్కడ పాడినా, ఘాటు లేని చోట కూడా, నజ్మీన్ ఊపిరి అక్కడికి రాగానే పట్టేస్తుంది.

నిరుడు ఒక పెళ్లిలో అది విని చైతన్యకృష్ణ వెంటపడ్డాడు. షెడ్డుకి వచ్చాడు. వచ్చినవాడు గుమ్మంలోనే తొమ్మిది తుమ్ములు తుమ్మి, కర్చీఫ్ అడ్డం పెట్టుకుని, అమీర్‌బీ కాళ్లకి దణ్ణం పెట్టినంత పని చేశాడు.

"అమ్మా, ఈ పాట ప్రపంచం వినాలమ్మా. మీ బిడ్డ గొంతుతోనే వినాలి."

"పిల్ల పేరుతో వస్తదా నాయనా?" అని అడిగింది అమీర్‌బీ.

"పేరు లేకుండా ఎట్టా అమ్మా! పెద్ద అక్షరాలతో!"

కోడిగుడ్ల అట్టల గదిలో నజ్మీన్ నాలుగు గంటలు నిలబడి పాడింది. నెల తిరక్కుండా పాట వచ్చింది. తెర మీద భవ్య అనే రీల్సు పిల్ల, మెరుపుల గౌను వేసుకుని మిరపకల్లంలో గెంతుతూ నోరు ఆడిస్తోంది. కింద 'గానం: భవ్య' అని ఉంది. మొదట ఆ పిల్ల చేతే పాడించబోయారట. ఆ 'హుక్' దగ్గర ఎక్కిళ్లొచ్చినట్టు వినపడిందట, అందుకని నజ్మీన్ గొంతే ఉంచేశారు. ఒక్కటి మాత్రం మార్చారు. 'అందుకోవే అమీర్‌బీ' తీసేసి 'అందుకోవే భవ్యా' పెట్టారు. అదైనా నజ్మీన్ నోటితోనే పాడించారు, ఊరికే ట్రాక్ కోసమని చెప్పి.

అడిగితే చైతన్యకృష్ణ పిలక తడుముకున్నాడు. "హుక్ లైన్లో, అంటే జనం నోట్లో ఆడే లైన్లో, ఆర్టిస్టు పేరుంటే బ్రాండింగమ్మా. నువ్వు బాధపడకు. మార్చి ఎనిమిదిన స్టేజీ మీద లైవ్‌లో నీ పేరు చెప్పి నీ చేతే పాడిస్తా. నా తల్లి మీద ఒట్టు."

పాట రెండు కోట్ల మంది చూశారు. ట్రాక్టర్ల మీద మోగింది, ఆటోల్లో మోగింది, చివరికి షెడ్డు పక్క టీకొట్లోనూ మోగింది. అమీర్‌బీ తొడిమ గిల్లుతూ ఆగి విన్నది.

"గొంతు నీదే గదే. మజ్జెన పిలుస్తున్న పేరెవరిది?"

"అది శాంపిలమ్మా. అసలుది మార్చి ఎనిమిదిన. స్టేజీ మీద నా పేరుతో పాడతా, నువ్వే వచ్చి చూడు" అన్నది నజ్మీన్. చైతన్యకృష్ణ చెప్పిన అబద్ధాన్ని తీసుకొచ్చి అమ్మ చేతిలో పెట్టింది.

అలా ఈ రోజు వచ్చింది. పొద్దున పది గంటలకి హాలుకి రాగానే ఆమె మెడలో ఈ అట్టముక్క వేసి, తెర వెనక ఈ కుర్చీ చూపించారు. భవ్య ముందు నోరు ఆడిస్తుంది, నువ్వు వెనక పాడాలి అన్నారు. నీ పేరు సంగతి నెక్స్ట్ ప్రోగ్రాంలో చూద్దాం అన్నారు. ఆ నిమిషమే అట్టముక్క తెంపి వాడి మొహాన కొట్టి పోవాల్సింది. పోలేదు. అప్పటికే అమ్మ, పదకొండు మంది ఆడవాళ్లు, పని మానుకుని, రెండు ఆటోల్లో బయల్దేరారు. వాళ్లు హాల్లో కూర్చునేవేళకి తాను బయట రోడ్డు మీద నిలబడి ఏం చెప్పాలి? అందుకని కూర్చుంది. తన మీద తనకే రోత పుట్టింది.

వాళ్లు వచ్చారు. ఉన్నవాటిలో మంచి చీరలు కట్టుకుని, చేతులకి కొబ్బరినూనె రాసుకుని, తలలో పూలు పెట్టుకుని వచ్చారు. ఎన్నిసార్లు కడిగితే మాత్రం ఆ ఘాటు ఒళ్లు వదులుతుందా? మూడో వరసలో కూర్చోగానే ముందున్న పట్టుచీరావిడ తుమ్మింది. ఆవిడ పక్కావిడ తుమ్మింది. వాలంటీరు పిల్లాడు పరుగున వచ్చాడు.

"ఆంటీ, మీరందరూ లాస్ట్ రోలో కూర్చోండి. ఇక్కడ గెస్టులకి అలర్జీ అంటున్నారు."

"ఇంట్లో కారం తినరా వీళ్లు?" అని వెంకటేశ్వరమ్మ గట్టిగానే అడిగింది. ముఠాలో అమీర్‌బీ పక్కన కూర్చునే మనిషి ఆమే, ముప్పై ఏళ్లుగా అమీర్‌బీ వదిలేసిన ముక్క అందుకునేదీ ఆమే. "పదవే అమీర్‌బీ, యాడ కూర్చుంటే ఏంది, పిల్ల పాట వినపడదా ఏంది" అని అందర్నీ తీసుకుని చివరి వరసకి పోయింది. నజ్మీన్ తెర సందులోంచి అంతా చూసింది. వాలంటీరు వాళ్లు కూర్చున్న కుర్చీల మీద గుప్పుమని సెంటు కొట్టాడు. ఛీ!

అందరికీ కాగితాలు పంచారు. పదిమంది పాప్ గాయనుల పేర్లు, ఎదురుగా గళ్లు. ఎవరి ప్రభావం ఎక్కువో టిక్కు పెట్టాలి. పదిమందిలో మన దేశంవాళ్లు ఒక్కరూ లేరు. చీర కట్టి, ఇంత బొట్టు పెట్టుకుని పాప్ పాడిన ఉషా ఉతుప్ పేరు కూడా లేదు. సరే, వాళ్ల లిస్టు వాళ్లిష్టం. కానీ చివర పదకొండో గడి ఒకటి గీసి, అందులో పెన్నుతో 'మన భవ్య' అని రాశారు. నజ్మీన్‌కి నవ్వు రావాల్సింది, కానీ వెగటు పుట్టింది.

ప్రోగ్రాం మొదలయ్యే ముందు భవ్య తెర వెనక్కి వచ్చింది. ఒంగోలు వైపు పిల్ల, పందొమ్మిదేళ్లుంటాయేమో. మొహం మీద మెరుపు పొడి దట్టంగా ఉంది.

"అక్కా, ఆ హుక్ దగ్గర కొంచెం నిదానంగా వదులక్కా. నా మూతికి అందట్లా" అన్నది.

"అది నేను వదిలేది కాదు. అదే వస్తది" అన్నది నజ్మీన్.

"అట్టాగా" అన్నది ఆ పిల్ల. ఇంకేదో అడగబోయి, పిలుపు వస్తే వెళ్లిపోయింది.

ఇప్పుడు స్టేజీ మీద యాంకరు అడుగుతోంది. "సార్, భవ్య పాటలో ఆ బ్రెత్ క్యాచ్ ఉంది చూశారూ, అది యూత్‌కి పిచ్చెక్కించేస్తోంది. దాని వెనక ఎవరి ఇన్‌ఫ్లుయెన్స్ ఉంది?"

చైతన్యకృష్ణ సోఫా అంచుకి జరిగాడు. "మంచి ప్రశ్న. అది వెస్ట్రన్ పాప్ స్టార్ల టెక్నిక్ అండీ. భవ్య ఆరు నెలలు వాళ్ల వీడియోలు చూసి స్టడీ చేసింది. నేను పక్కనే కూర్చుని నేర్పించా. మన పల్లెటూరి పాటకి ఆ టచ్ ఇచ్చి ఇంటర్నేషనల్ లెవెల్‌కి తీసుకెళ్లాం. అంతకుముందు అది ఏముందండీ, కూలోళ్లు దగ్గుకుంటూ పాడుకునే పాట."

జనం నవ్వారు.

నజ్మీన్ తెర సందు దగ్గరికి వంగింది. చివరి వరసలో అమ్మ తల పక్కకి వంచి, ఆ మాటలు అర్థం చేసుకోవడానికి చూస్తోంది. ఆ గొంతు పోవడానికి ముప్పై ఏళ్లు పట్టింది. ఆ 'హుక్' ని వీడు ఆరు నెలల్లో అమెరికా నుంచి దింపాడట! కుళ్లిన కాయ మూటలో చెయ్యి పెట్టినట్టు ఒళ్లంతా గగుర్పొడిచింది. వాడి మీద ఎంత అసహ్యం వేసిందో, వాడి వెనక తెర చాటున చేతులు కట్టుకుని కూర్చున్న తన మీద అంతకు రెట్టింపు వేసింది.

"అయితే లైవ్‌లో వినేద్దామా? పుట్ యువర్ హ్యాండ్స్ టుగెదర్ ఫర్ భవ్యా!" అని యాంకరు అరిచింది.

డప్పు మోగింది. లైట్లు తిరిగాయి. భవ్య ముందుకొచ్చి మైకు మూతికి ఆనించింది. తెర వెనక నజ్మీన్ పాడింది.

"తొడిమేమో నా గోటికీ...
కాయేమో ఊరోళ్లకీ..."

చివరి వరసలో వెంకటేశ్వరమ్మ, అమీర్‌బీని మోచేత్తో పొడిచింది. "పిల్లే పాడతంది. యాడుందే? ముందున్న ఆ మెరుపుల పిల్ల నోరెందుకు ఆడిస్తంది?"

"ఘాటంతా నా..."

'హుక్' మని ఊపిరి పట్టింది. ఇప్పుడు 'గొంతుకీ' అనాలి. తర్వాత 'అందుకోవే భవ్యా' అనాలి. అమ్మ వింటుండగా తన నోటితో తానే ఆ పేరు పిలవాలి. నజ్మీన్ నోరు తెరిచింది. మాట రాలేదు. రానివ్వలేదు. డప్పు మోగుతూనే ఉంది. స్టేజీ మీద భవ్య నోరు తెరుచుకుని ఉండిపోయింది. లోపల్నించి ఏమీ రావడం లేదు. ఆ పిల్ల మూసింది, మళ్లీ తెరిచింది. ముందు వరసల్లో గుసగుసలు మొదలయ్యాయి.

అప్పుడు హాలు చివర్నించి, మైకూ గీకూ లేకుండా, కోల్డ్ స్టోరేజీ మిషన్ల హోరు మీద పాడి పాడి రాటుదేలిన గొంతు ఒకటి లేచింది.

"...గొంతుకీ! అందుకోవే నజ్మీనా!"

వెంకటేశ్వరమ్మ. ఆమెకి ఏ గొడవా తెలియదు. ఎవరో పాట మధ్యలో వదిలేశారు, వదిలేసింది నజ్మీన్, కాబట్టి నజ్మీన్‌ని పిలిచింది. ముప్పై ఏళ్లుగా చేస్తున్న పనే చేసింది.

హాలంతా వెనక్కి తిరిగింది. చైతన్యకృష్ణ ఒక్క క్షణం తెల్లబోయాడు. ఒక్క క్షణమే సుమండీ! మరుక్షణం మైకు లాక్కున్నాడు. "చూశారా! చూశారా! ఇదండీ ఇన్‌ఫ్లుయెన్స్ అంటే! మిరపకాయల కూలీలు కూడా భవ్య పాట బట్టీ పట్టేశారు! ఇంతకంటే ప్రూఫ్ ఏం కావాలి! ఒక్కసారి చప్పట్లు!"

చప్పట్లు కొట్టారు! ఆ పట్టుచీరావిడ ముక్కుకి కర్చీఫ్ అడ్డం పెట్టుకునే కొట్టింది. ఈ మనిషి ఏది పెడితే అది మింగేస్తాడు, మింగి తనదే అంటాడు.

"అందుకోవే నజ్మీనా!" ఈసారి ఐదారు గొంతులు కలిశాయి. చప్పట్లు సద్దుమణిగాయి. తెర వెనక్నించి జవాబు లేదు. తెర దాటితే అమ్మకి చెప్పిన అబద్ధం బయటపడుతుంది.

"అందుకోవే నజ్మీనా!" అని పదకొండు గొంతులూ పిలిచాయి. అది మూడోసారి. ఆ గొంతుల్లో ఈసారి పాట లేదు, భయం ఉంది.

కుర్చీలు కిరకిరమన్నాయి. పదకొండు మందీ లేచారు. అందరికంటే ముందు అమీర్‌బీ లేచింది. పన్నెండు మంది ఆడవాళ్లు హాలు మధ్య దారిలో స్టేజీ వైపు గబగబా నడిచారు. వాలంటీరు పిల్లాడు చేతులు చాపి అడ్డం వచ్చాడు. "లేవయ్యా పక్కకి, పిల్లకేమైందో చూడాల" అని వెంకటేశ్వరమ్మ వాడి చెయ్యి తోసేసింది. తెర సందులోంచి నజ్మీన్‌కి అమ్మ మొహం కనపడింది. ఆ ఎండాకాలం నసీమున్నీసా మీదికి వంగినప్పుడు కూడా ఆ మొహం ఇలాగే ఉంది.

ఇక కూర్చోలేకపోయింది. లేచింది. తెర పక్కకి లాగి లైట్ల ముందుకొచ్చి నిలబడింది. ఉన్నాను అని అమ్మకి చెప్పడానికి ఆ షెడ్డు నేర్పిన దారి ఒకటే.

"తొడిమేమో నా గోటికీ..."

చైతన్యకృష్ణ సౌండు కుర్రాడు కోటేష్ వైపు చూసి, గొంతు కోసినట్టు చెయ్యి అడ్డంగా ఆడించాడు. మైకు చచ్చిపోయింది. నజ్మీన్ మైకు సోఫాలో పడేసి పాడింది. మైకు లేకుండా పాడటం ఆమెకి కొత్తా? దారి మధ్యలో పన్నెండు మంది ఆగిపోయారు. అమీర్‌బీ గుండె మీద చెయ్యి పెట్టుకుని ఊపిరి వదిలింది. వెంకటేశ్వరమ్మ మిగతా ముక్క అందుకుంది. పిలిచింది. నజ్మీన్ అందుకుంది.

పాట అయిపోయింది. ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు, ఏం చెయ్యాలో తెలియక. చైతన్యకృష్ణ మాత్రం నవ్వు చెరగకుండా స్టేజీ అంచుకి వచ్చి, వంగి, కింద నిలబడ్డ అమీర్‌బీ నోటి ముందు తన మైకు పెట్టాడు. కెమెరాలు తిరుగుతున్నాయి కదా మరి.

"అమ్మా, చెప్పండమ్మా. భవ్య పాట మీ జీవితం మీద ఎంత ప్రభావం చూపించింది?"

అమీర్‌బీ మైకు వైపు చూసింది. గరగరమనే ఆ గుసగుస హాలంతా వినపడింది.

"నాయనా, మేం పాట మజ్జెలో వదిలేసినోళ్ల పేరు పిలుస్తాం. పాడి పాడి ఊపిరి ఆడక వదిలేసినోళ్లది. నీ వీడియోలో ఈ పిల్లని పిలిచారు గదా, అందుకోవే భవ్యా అని. ఈ పిల్ల ఎప్పుడు పాడింది నాయనా, వదిలెయ్యటానికి?"

చైతన్యకృష్ణ చెయ్యి మళ్లీ గొంతు మీద అడ్డంగా ఆడింది. కోటేష్ ఈసారి వైరు వెతుక్కుంటున్నట్టు బల్ల కిందికి వంగాడు.

భవ్య తన మైకు పూలకుండీ పక్కన పెట్టింది. "నేనెప్పుడూ పాడలేదమ్మా" అన్నది. మైకు లేకపోయినా ముందు వరసలన్నీ విన్నాయి. ఆ పిల్ల మెరుపుల గౌనుతోనే స్టేజీ మెట్ల మీద కూర్చుండిపోయింది. యాంకరు "చిన్న బ్రేక్" అని అరిచింది.

బయట రెండు ఆటోల్లో ఇరుక్కుని అందరూ ఎక్కారు. ఏటుకూరు రోడ్డు ఎక్కేలోపే ఫోన్లు మోగాయి. వీడియో పెట్టేశారు. 'భవ్య పాటకి స్టేజీ దాకా పరిగెత్తుకొచ్చిన కూలీ అక్కలు' అని దాని పేరు. నజ్మీన్ పేరు పిలిచిన మూడుసార్లూ కోసేశారు. అమీర్‌బీ అడిగిన ప్రశ్న మీద మ్యూజిక్ వేశారు. నజ్మీన్ ఫోన్‌కి చైతన్యకృష్ణ మెసేజి కూడా వచ్చింది: 'సూపర్ రెస్పాన్స్ అమ్మా. కోపం వద్దు. నెక్స్ట్ సాంగ్ నీ పేరుతోనే. మా తల్లి మీద ఒట్టు.' ఆ తల్లి బతికుందో లేదో గానీ, పాపం, ఎన్నిసార్లు చస్తుందో! నజ్మీన్ ఆటోలోంచి తల బయటపెట్టి రోడ్డు మీద ఉమ్మింది. ఇంకా నోరు చేదుగానే ఉంది.

"అబద్ధం చెప్పానమ్మా నీకు. నన్ను తెర వెనక కూర్చోబెట్టారు. తెలిసి కూడా కూర్చున్నా" అన్నది.

అమీర్‌బీ కూతురి మెడలో ఇంకా వేలాడుతున్న అట్టముక్కని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది.

"ఏం రాసుందే దీని మీద?"

"కోరస్ టూ అని."

"అంటే?"

"వెనక ఉండి పాడేవాళ్లమ్మా."

అమీర్‌బీ ఆ తాడు కూతురి తల మీదుగా పైకి తీసింది. పక్కన ఇరుక్కుని కూర్చున్న వెంకటేశ్వరమ్మ మెడలో వేసింది.

"వెనక పాడింది మేం గదే" అన్నది. "ఇది నీకెందుకు ఏశారు?"